బరువు దించుకుని కొండెక్కితే: టిక్కా రైఫిల్, బూట్లు, మోత బ్యాగు రివ్యూ

ముందే మార్కులు చెప్పేస్తాను. టిక్కా టీ3ఎక్స్ లైట్ కాంపాక్ట్ రైఫిల్, 7 ఎంఎం-08 కాలిబర్ (తూటా కొలత), స్టెయిన్‌లెస్ బ్యారెల్: ఐదుకి నాలుగున్నర. ఆ అర మార్కు ఎందుకు కోశానో కింద రాస్తాను. అయితే రైఫిల్ ఒక్కదాని గురించే రాసి వదిలేస్తే మీకు సగమే పనికొస్తుంది. కొండల్లో ఎల్క్ (పెద్ద దుప్పి లాంటి జంతువు) వేటకి సామాన్లు కొనేవాళ్లు చాలామంది డబ్బంతా రైఫిల్ మీదా స్కోపు (గురి చూసే దుర్భిణి) మీదా పెట్టేసి, మిగిలిన దాంట్లో బూట్లు, బ్యాగు సర్దుకుంటారు. నా లెక్క తలకిందులు. ముందు బూట్లు, తర్వాత బైనాక్యులర్స్, ఆ తర్వాత మాంసం మోసే బ్యాగు, ఆఖర్న రైఫిల్. ట్రిగ్గర్ నొక్కడం క్షణం పని. దానికి ముందు ఎక్కడం, దాని తర్వాత మోసుకుంటూ దిగడం, ఇదీ రోజంతా ఉండే పని. పైగా ఇవన్నీ కొత్తవే కొనక్కర్లేదు. ఏది సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవచ్చు, ఏది ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు అన్నది తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది.

మాది మదనపల్లె. ఇప్పుడు ఉండేది గ్రాండ్ జంక్షన్, కొలరాడోకి పడమటి వైపు. నేను ఫిజియోథెరపిస్టుని, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఈ రెండూ ఎందుకు చెబుతున్నానంటే, మోకాళ్లూ నడుములూ పాడు చేసుకుని వచ్చేవాళ్లని చూడటం నా ఉద్యోగం, మగవాళ్ల కొలతలకి చేసిన సామాన్లతో కుస్తీ పట్టడం నా ఖర్మ. గ్రాండ్ జంక్షన్ సుమారు 4,600 అడుగుల ఎత్తులో ఉంటుంది. కారెక్కి గంట పోతే గ్రాండ్ మెసా అనే బల్లపరుపు కొండ, అక్కడ 10,000 అడుగుల పైమాటే. ఉత్తరానికి పోతే ఫ్లాట్ టాప్స్ కొండలు. అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ లేనన్ని ఎల్క్‌లు కొలరాడోలోనే ఉన్నాయి. వేట నాకు నేర్పింది మా పక్కింటి పెద్దాయన. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట అనే మాటే నేరం కిందకి వచ్చింది కాబట్టి, ఇంటి నుంచి ఫోన్ చేసినప్పుడు 'నువ్వు తుపాకీ పట్టుకుని కొండలెక్కుతావా?' అని మా పిన్ని ఇప్పటికీ నమ్మదు. ఎల్క్ మాంసం పచ్చడి రుచి చూసిన చుట్టాలు మాత్రం ఏమీ అడగరు.

ఈ టిక్కా నా దగ్గరికి రాకముందు నా దగ్గర ఉన్నది .300 విన్‌మ్యాగ్ అనే ఇంకా శక్తివంతమైన కాలిబర్ రైఫిల్. మా ఆయన పుట్టినరోజుకి కొనిచ్చాడు. ఆయన శాకాహారి, తుపాకుల గురించి ఓనమాలు తెలియవు, షాపులో ఎవరో 'ఎల్క్‌కి ఇదే' అన్నారట. 1963 నుంచీ పేరున్న కాలిబరే, తప్పేం లేదు. కానీ నా సైజు మనిషికి, కాల్చినప్పుడు అది వెనక్కి తన్నే తన్ను వేరు. తేలికపాటి 7 ఎంఎం-08తో పోలిస్తే దాని తన్ను దాదాపు రెట్టింపు. షూటింగ్ రేంజ్‌లో పది తూటాలు కాల్చేసరికి భుజం కాదు, మెదడు అలిసిపోతుంది. తర్వాతి తూటాకి కన్ను ముందే మూసుకుపోతుంది, భుజం ముందుకి తోసుకుంటుంది. ఇది ధైర్యానికి సంబంధించిన విషయం కాదు, ఒళ్లు దానంతట అది నేర్చుకునే అలవాటు. ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది. అందుకని .300ని కోరుకునే ఒకాయనకి అమ్మేసి, ఊరు మారిపోతున్న ఇంకొకాయన దగ్గర ఈ టిక్కా తీసుకున్నాను.

7 ఎంఎం-08 ఎల్క్‌కి చాలదు అనేవాళ్లు ఉన్నారు. వాళ్లతో వాదన పెట్టుకోను, లెక్క చెబుతాను. .308 తూటా మెడని 7 మిల్లీమీటర్లకి కుదించి చేసినది ఇది, 1980లో రెమింగ్టన్ మార్కెట్లోకి తెచ్చింది. కొలరాడో చట్టం ఎల్క్‌కి అడిగేది కనీసం 6 మిల్లీమీటర్ల కాలిబర్, 85 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలిచే చిన్న కొలమానం) బుల్లెట్, 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి. నేను వాడే 140 గ్రెయిన్ల బుల్లెట్ 100 గజాల దగ్గర దానికి దాదాపు రెట్టింపు ఇస్తుంది. 300 గజాల లోపు, పక్కకి తిరిగి నిలబడిన జంతువు, ఊపిరితిత్తుల మీద గురి. ఈ మూడూ కుదరకపోతే కాల్చను. కొండ మీద ఈదురుగాలిలో 500 గజాల నుంచి కాల్చడం పెద్ద కాలిబర్ ఉన్నవాళ్లకి కూడా పని కాదు, పందెం.

ఇక రైఫిల్. ఫిన్లాండ్‌లోని రీహిమాకిలో సాకో ఫ్యాక్టరీలో తయారవుతుంది. బోల్టు (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) తీసి వేస్తే తెలుస్తుంది ఎందుకు దీనికింత పేరో. ఎక్కడా గరుకు తగలదు, హ్యాండిల్ 70 డిగ్రీలు లేపితే చాలు, స్కోపుకి చెయ్యి తగలదు, లావు గ్లవ్స్‌తో కూడా సులువే. బ్యారెల్ 20 అంగుళాలు. స్కోపు లేకుండా 6 పౌండ్ల చిల్లర. ట్రిగ్గర్ శుభ్రంగా, ఒక్క తీరుగా తెగుతుంది, బరువు కూడా సర్దుకోవచ్చు. కాంపాక్ట్ అన్న పేరుకి అసలు కారణం స్టాక్ (భుజానికి ఆనించే భాగం) పొడవు. మామూలు రైఫిళ్ల స్టాక్ నా చేతికి ఒక అంగుళం పైనే పొడుగు, చలికోటు వేసుకుంటే ఇంకా పొడుగు. అప్పుడు మెడ ముందుకి చాచి స్కోపులోకి చూడాలి, మెడ చాస్తే తన్ను చెంపకి తగులుతుంది. దీంట్లో ఆ బాధ లేదు. పొట్టివాళ్లూ, పిల్లలకి నేర్పేవాళ్లూ ఈ ఒక్క విషయం చూసుకుంటే చాలు.

అర మార్కు ఎందుకు పోయిందంటే సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట). సేఫ్టీ వేసి ఉంటే బోల్టు కూడా లాక్ అవుతుంది. పొదల్లో బోల్టు తెరుచుకోకుండా అది మంచిదే. కానీ సాయంత్రం కారు దగ్గరికి వచ్చాక చాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట) ఉన్న తూటా తీయాలంటే సేఫ్టీని ఫైర్ మీదకి జరపక తప్పదు. అలిసిపోయి, వేళ్లు కొంకర్లు పోయిన వేళ ఆ పని చేయడం నాకు నచ్చదు. చాంబర్‌లో తూటా ఉన్న రైఫిల్‌ని కొలరాడోలో బండిలో పెట్టకూడదు కాబట్టి ఇది రోజూ ఉండే పనే. బ్యారెల్ నేల వైపు పెట్టి, మనుషులకి దూరంగా జరిగి చేస్తాను. మ్యాగజైన్ ప్లాస్టిక్, పడేది మూడు తూటాలు, విడిగా ఇంకొకటి కొనాలంటే ఆ ప్లాస్టిక్‌కి అంత ధరా అనిపిస్తుంది. అయినా కొని జేబులో పెట్టుకోండి, మంచులో పోతే దొరకదు. స్టాక్ లోపల నురుగు ముక్క పెట్టామంటారు గానీ ఓక్ పొదలు రాసుకుంటే ఖాళీ ప్లాస్టిక్ బిందె మీద గోరు గీసినట్టు చప్పుడొస్తుంది. నేను గుడ్డ టేపు చుట్టాను. అందం పోయింది, చప్పుడూ పోయింది.

తుపాకీ చేతులు మారే పద్ధతి గురించి కూడా రాయాలి, ఎందుకంటే మన వాళ్లు అడిగే ప్రశ్నల్లో సగం దీని మీదే. కొలరాడోలో 2013 నుంచీ ఇద్దరు మామూలు మనుషుల మధ్య అమ్మకమైనా సరే లైసెన్సున్న డీలర్ దగ్గరికి వెళ్లి, ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించాలి. భార్యాభర్తల మధ్య బహుమతి లాంటి వాటికి మినహాయింపు ఉంది. 2023 అక్టోబర్ నుంచి మూడు రోజులు ఆగాలి కూడా. సీజన్‌కి ముందు రోజు కొందాంలే అనుకుంటే కుదరదు. వేరే రాష్ట్రం వాళ్ల దగ్గర కొంటే రైఫిల్ మీ ఇంటికి రాదు, మీ ఊరి డీలర్ దగ్గరికి వస్తుంది, ఆయన ఫీజు ఆయనది. కొత్త తుపాకులు, తూటాల మీద 2025 ఏప్రిల్ నుంచి రాష్ట్రం 6.5 శాతం పన్ను వేసింది, ధరలో దాన్నీ కలుపుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. దాని కాగితాలు డీలర్ అడుగుతాడు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ చిక్కు లేదు. ఫ్రెండ్ తుపాకీ ఒక పూట ఉంచుకున్నా అది దగ్గర పెట్టుకోవడమే అవుతుంది. ఇమ్మిగ్రేషన్ ఫైలు మీద మచ్చ పడితే ఏ ఎల్క్ విలువా దానికి సరిపోదు, కాబట్టి మీ వీసా కాగితాలు లాయర్‌కి చూపించి గానీ అడుగు వేయకండి. 1949లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేట లైసెన్సు కోసం హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. అది విసుగు కాదు, బాగుంటుంది.

సెకండ్ హ్యాండ్ రైఫిల్ చూసేటప్పుడు నేను చూసేవి కొన్నే. స్క్రూల తలలు చితికి ఉంటే ఎవరో వంటింటి స్క్రూడ్రైవర్‌తో ఆడుకున్నారని అర్థం. బ్యారెల్ మూతి అంచు నొక్కుకుపోకుండా ఉండాలి. చిన్న టార్చి వేసి లోపల చూడాలి. ఎన్ని తూటాలు కాల్చారని అడిగితే అందరూ 'ఒక డబ్బా' అనే అంటారు, ఆ మాట వినేసి ఊరుకోండి.

స్కోపులూ బైనాక్యులర్సూ మాత్రం సెకండ్ హ్యాండ్‌లో కొనడం చాలా లాభం, ఒక షరతు మీద. వారంటీ మనిషికి కాకుండా వస్తువుకి ఉండాలి. వోర్టెక్స్ వాళ్ల వీఐపీ వారంటీ అలాంటిదే. జీవితకాలం, రసీదు అడగరు, ఎన్ని చేతులు మారినా చెల్లుతుంది. దొంగతనం, పోగొట్టుకోవడం, కావాలని పగలగొట్టడం, పైపై గీతలు తప్ప మిగిలినవన్నీ బాగుచేస్తారు, లేదా మార్చి ఇస్తారు. ల్యూపోల్డ్ కూడా స్కోపుల విషయంలో మొదటి యజమానివా అని అడగదు. రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) దగ్గరికి వచ్చేసరికి ఎలక్ట్రానిక్స్‌కి వేరే నిబంధన ఉందేమో చూసుకోండి. నా 10×42 వోర్టెక్స్ రేజర్ ఇలా కొన్నదే. 'కొత్తదానిలాగే ఉంది' అన్న ఒక స్కోపు మాత్రం ఇంకొకరి దగ్గర చూశాను. రింగులు బిగించిన చోట లోతుగా గాట్లు. నాబ్ పైకి తిప్పి మళ్లీ సున్నాకి తెస్తే గురి పాత చోటికి రాలేదు. రేంజ్‌కి తీసుకొచ్చి కాల్చి చూపించమన్నందుకు బయటపడింది, లేకపోతే నా నెత్తిన పడేది. పేర్లు అనవసరం, పద్ధతి నేర్చుకోండి.

బైనాక్యులర్స్ మెడలో వేలాడదీసుకుని అటూ ఇటూ చూస్తే కొండ మీద ఏమీ కనబడదు. చిన్న ట్రైపాడ్ మీద బిగించి, కూర్చుని, ఎదురు వాలుని ముక్కలు ముక్కలుగా వెతకాలి. ఆస్పెన్ చెట్ల మధ్య అడ్డంగా ఒక గీత, అది ఎల్క్ వెన్ను. ట్రైపాడ్ లేకుండా అది కనబడదు. ఖరీదైన అద్దాలకి ముందు ట్రైపాడ్ కొనండి, డబ్బు సగం పడుతుంది, ఫలితం ఎక్కువ వస్తుంది.

రైఫిల్ మీద ఉన్నది ల్యూపోల్డ్ వీఎక్స్-3హెచ్‌డీ, 3.5-10. తేలిక, అదే దాని గొప్ప. దాని డయల్‌ని మన తూటాకీ మన ఎత్తుకీ తగ్గట్టు చెక్కి ఇస్తారు. ఎత్తు ఎందుకంటే 10,000 అడుగుల దగ్గర గాలి సాంద్రత సముద్రమట్టం దగ్గర ఉన్నదాంట్లో దాదాపు ముప్పావు వంతే. బుల్లెట్‌కి అడ్డు తక్కువ, కిందికి వాలడం తక్కువ. 300 గజాల లోపు ఆ తేడా పెద్దది కాదు, నిజం చెప్పాలంటే నాలాంటి దాని చేతి వణుకు అంతకంటే ఎక్కువ. కొండలో లెక్కలోకి వచ్చేది వాలు. రేంజ్‌ఫైండర్ 300 గజాలు చూపించి, వాలు 30 డిగ్రీలుంటే, గురి పెట్టాల్సింది 260 గజాలకి. పైకి కాల్చినా కిందికి కాల్చినా లెక్క ఇదే. వాలుని లెక్కేసి చెప్పే రేంజ్‌ఫైండర్ ఉంటేనే కొనండి, లేనిది చవగ్గా వచ్చినా వద్దు.

బూట్లు. ఇవి మాత్రం సెకండ్ హ్యాండ్‌లో వద్దు. ఒకరి పాదానికి అణిగిపోయిన అడుగు ఇంకొకరి మోకాలిని పాడు చేస్తుంది, ఇది నా ఉద్యోగం మాట. ఇంకో సంగతి, పాలియురెథేన్ మిడ్‌సోల్ ఉన్న బూట్లు వాడకపోయినా సంవత్సరాల మీద తేమకి పిండి పిండి అవుతాయి. డబ్బాలో కొత్తగా మెరుస్తున్న పాత జత కొండ మధ్యలో సోల్ ఊడి చేతికొస్తుంది. నేను వాడేది కెనెట్రెక్ మౌంటెన్ ఎక్స్‌ట్రీమ్, ఆడవాళ్ల జత. ఖరీదు ఐదొందల డాలర్లకి అటూ ఇటూ. మా అమ్మకి రూపాయల్లో చెప్పలేదు, చెప్పను. అడుగు గట్టిగా ఉంటుంది, వంగదు. మొదట్లో నడక చెక్క మనిషిలా అనిపిస్తుంది. కానీ వాలుకి అడ్డంగా నడిచేటప్పుడు చీలమండ మెలిక పడకుండా కాపాడేది ఆ గట్టిదనమే. షాపులో సాయంత్రం పూట వేసి చూడండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. దిగేటప్పుడు బొటనవేలు ముందుకి తగలకూడదు. నా దగ్గరికి వచ్చే వేటగాళ్లలో కాలిగోళ్లు నల్లబడినవాళ్లందరూ ఆ కొలత చూడనివాళ్లే. ఎక్కడం ఊపిరి తీస్తుంది, దిగడం మోకాళ్లు తీస్తుంది. వేసవి నుంచే మెట్లు దిగడం ప్రాక్టీస్ చేయండి, ఎక్కడం కాదు, దిగడం. రెండు వాకింగ్ పోల్స్ ఉండి తీరాలి, వయసుతో పని లేదు.

ఇప్పుడు బ్యాగు, నా దృష్టిలో అన్నింటికంటే ఎక్కువ ఆలోచించాల్సిన వస్తువు. ఆడ ఎల్క్ బతికి ఉండగా ఐదొందల పౌండ్ల దాకా తూగుతుంది. పొట్ట కోయకుండానే తొడలు, భుజాలు, వీపు మాంసం విప్పుకుని గుడ్డసంచుల్లో వేసుకుంటాం. ఒక్క వెనక తొడ ఎముకతో పాటు 50 పౌండ్లు దాటుతుంది. తినదగ్గ మాంసాన్ని వదిలేసి రావడం ఇక్కడ నేరం. అంటే నాలాంటి మనిషి ఎన్నోసార్లు పైకీ కిందికీ తిరగాలి. అప్పుడు బట్ట, జిప్పులు, జేబులు ఏవీ గుర్తుకురావు. ఫ్రేమ్ ఒక్కటే గుర్తుకొస్తుంది.

నాది మిస్టరీ ర్యాంచ్ బ్యాగు, వాడినదే కొన్నాను. మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి నడుము ఎముక పై అంచుకి సరిగ్గా వచ్చే దాకా కొలిస్తే మీ వీపు పొడవు వస్తుంది. మనిషి ఎత్తుని బట్టి అది చెప్పలేం. ఈ బ్యాగులో భుజాల పట్టీలున్న భాగం పైకీ కిందికీ జరుగుతుంది కాబట్టి నా పొట్టి వీపుకి కుదిరింది. బరువంతా నడుము ఎముక మీద కూర్చోవాలి, భుజాల మీద కాదు. మాంసం సంచిని బ్యాగుకీ ఫ్రేమ్‌కీ మధ్య వీపుకి ఆనుకునేలా బిగించాలి. వెనక్కి దూరంగా వేలాడితే అదే బరువు వెన్నుకి ఎక్కువవుతుంది. సెకండ్ హ్యాండ్‌లో ఈ రకం బ్యాగులు దండిగా దొరుకుతాయి, ఎందుకంటే కొన్నవాళ్లలో చాలామంది మాంసం మోసే దాకా వెళ్లరు. నెత్తురు మరకలు ఉంటే బేరమాడి తగ్గించుకోండి, చన్నీళ్లతో పోతాయి. కొనే ముందు అందులో 40 పౌండ్ల ఇసుక బస్తానో బియ్యం బస్తానో వేసి అమ్మేవాళ్ల ఇంటి చుట్టూ తిరగండి. అమ్మేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

బట్టల గురించి తొందరగా ముగిస్తాను. లోపల మెరినో ఊలు, పైన గాలి ఆపే జాకెట్. ఆకుల బొమ్మల డిజైన్‌కి వందల డాలర్లు ఇవ్వడం దండగ, ఎందుకంటే రైఫిల్ సీజన్లో చట్టం ప్రకారం నడుము పైన 500 చదరపు అంగుళాల ఆరెంజ్ గానీ పింక్ గానీ కనబడాలి, తల మీద కూడా. బ్యాగు వేసుకుంటే వీపు మీద ఆరెంజ్ కనబడదు కాబట్టి బ్యాగు మీద కూడా ఒక ఆరెంజ్ గుడ్డ కట్టండి, మాంసం మోసేటప్పుడు మరీ ముఖ్యం. ఆరెంజ్ టోపీ కింద మదనపల్లె నుంచి అమ్మ పంపిన మంకీ క్యాప్ వేసుకుంటాను. పక్కింటి పెద్దాయన మొదట నవ్వి, తర్వాత తనకీ ఒకటి తెప్పించమన్నారు.

బ్లేడు మార్చుకునే చిన్న కత్తి చాలు, పెద్ద కత్తులు ఫోటోలకి. తల శాంపిల్ ఇచ్చి క్రానిక్ వేస్టింగ్ వ్యాధి (జింక జాతి మెదడుని పాడు చేసే జబ్బు) పరీక్ష చేయించి, ఫలితం వచ్చాకే వండుతాను. కాలి మాంసం కుక్కర్లో ఎక్కువ విజిల్స్ అడుగుతుంది. కొవ్వు ఉండదు కాబట్టి పచ్చడికి నూనె ధారాళంగా పోయాలి. రాగి సంకటిలోకి దానికి సాటి లేదు.

ఇప్పుడు నా దగ్గర మార్చుకోవడానికి ఉన్నవి: ఒక బరువైన స్పాటింగ్ స్కోపు (దూరపు జంతువుల్ని చూసే చిన్న టెలిస్కోపు), ఆంగిల్డ్ రకం, గీతలు లేవు, కొండ మీదకి మోయలేక ఇస్తున్నాను. మిస్టరీ ర్యాంచ్ నడుము పట్టీ, మీడియం సైజు. దానికి బదులు స్మాల్ సైజు పట్టీ కావాలి, సీజన్ అక్టోబర్ మధ్యలో మొదలవుతుంది కాబట్టి సెప్టెంబర్ లోపు. గ్రాండ్ జంక్షన్ వచ్చి వేసి చూసుకోవచ్చు, ఇసుక బస్తా నా దగ్గరే ఉంది.